ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు: కాలేజీ చదువులో తోడ్పాటు, ఆన్‌లైన్ కోర్సులు – తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్ళలో పిల్లవాడు కాలేజీలో చేరగానే సలహా కోసం శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఉన్న బంధువులకు ఫోన్ చేయడం అలవాటు. వారు చెప్పేది ఆంధ్రప్రదేశ్ పద్ధతి. ఈ జిల్లాలు 1936 నుంచి ఒడిశాలో ఉన్నాయి కాబట్టి ఇక్కడి దరఖాస్తులు, స్కాలర్‌షిప్‌లు, పరీక్షల పేర్లు కూడా వేరు. ప్రతి ఏడాదీ జూన్ నుంచి ఆగస్టు వరకు అవే సందేహాలు తిరిగి వస్తున్నందున వాటిని ఒకచోట చేర్చి, చదువు దశల వారీగా జవాబులు రాశాము. మీకు అవసరమైన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళవచ్చు.

## చేరకముందు

పదో తరగతి వరకు తెలుగు మీడియం. ప్లస్ త్రీలో (ఒడిశాలో డిగ్రీని ఇలా అంటారు) పాఠం ఒడియాలోనో ఇంగ్లీషులోనో చెబుతారట. నెగ్గుకు రాగలనా?

రాగలరు. అయితే మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుందని ముందే తెలుసుకోవడం మంచిది. చాలామంది తడబడేది విషయం దగ్గర కాదు, పారిభాషిక పదాల దగ్గర. అర్థశాస్త్రంలో మీరు తెలుగులో డిమాండ్, సప్లయి అని చదివినవాటినే ఒడియాలో బోధించే అధ్యాపకుడు చాహిదా, జోగాణ అంటారు. భావం తెలిసి ఉండి కూడా మాట తెలియక ఆ గంటంతా వృథా అవుతుంది. అందుకే ప్రతి సబ్జెక్టుకు ఒక నోటుపుస్తకం పెట్టుకుని, పేజీని మూడు నిలువు గడులుగా గీసి, ఇంగ్లీషు మాట, ఒడియా మాట, తెలుగు మాట పక్కపక్కనే రాసుకోమని చెబుతాము. రోజుకు పది మాటలు రాసినా దసరా సెలవుల నాటికి పాఠం చెవికి అలవాటవుతుంది.

తెలుగు అకాడమీ డిగ్రీ పాఠ్యపుస్తకాలను పక్కన పెట్టుకుని భావం తెలుగులో గ్రహించి, జవాబు మాత్రం కాలేజీ మాధ్యమంలో రాయడం సాధన చేయండి. పరాయి భాషలో బట్టీ పట్టడం కన్నా ఇదే తక్కువ శ్రమ. పిల్లలకు తమ భాషలోనే మొదట చదువు అందాలని పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని మరీ పాటుపడ్డారు. ఆ ఊరి విద్యార్థులు తెలుగులో ఆలోచించడానికి మొహమాటపడనక్కరలేదు.

దూరవిద్యలో డిగ్రీ మొత్తం తెలుగు మీడియంలోనే చేయవచ్చా? హైదరాబాద్ అంబేద్కర్ యూనివర్సిటీ సెంటర్ ఇక్కడ ఉందా?

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో ఏర్పడింది. తెలుగు మాధ్యమంలో దూరవిద్యకు అది పాత పేరు. కానీ యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం రాష్ట్ర విశ్వవిద్యాలయాలు తమ రాష్ట్ర పరిధి దాటి దూరవిద్య స్టడీ సెంటర్లు నడపరాదు. కాబట్టి ఒడిశాలో ఎవరైనా తెలంగాణ లేదా ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విశ్వవిద్యాలయపు స్టడీ సెంటర్ అని బోర్డు పెడితే అక్కడ డబ్బు కట్టవద్దు. ఇంటర్నెట్ ద్వారానే బోధించే, యూజీసీ అనుమతి పొందిన ఆన్‌లైన్ డిగ్రీలకు ఈ ప్రాంతీయ హద్దు లేదు. ఆ కోర్సు ఏ మాధ్యమంలో ఉందో, పరీక్ష ఎక్కడ రాయాలో ప్రాస్పెక్టస్‌లో చూసి తేల్చుకోండి.

ఇగ్నో మంచిదా, ఒడిశా ఓపెన్ యూనివర్సిటీ మంచిదా?

రెండింటి డిగ్రీలూ చెల్లుతాయి. ఇంట్లో ఎవరికి ఏ భాష వచ్చు, పరీక్షకు ఎంత దూరం వెళ్ళగలరు అన్నవి చూసి నిర్ణయించుకోండి. ఇగ్నో (ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం) 1985లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయం. ఏడాదికి రెండుసార్లు, జనవరి, జులై సెషన్లలో ప్రవేశాలు ఉంటాయి. సెషన్ చివరి పరీక్షలు జూన్, డిసెంబర్‌లలో జరుగుతాయి. కోరాపుట్‌లో దాని ప్రాంతీయ కేంద్రం ఉంది. పాఠ్యసామగ్రి ప్రధానంగా ఇంగ్లీషులో, హిందీలో ఉంటుంది. ఒడిశా రాష్ట్ర సార్వత్రిక విశ్వవిద్యాలయం సంబల్‌పూర్‌లో ఉంది. ఒడియా బాగా చదవగలిగినవారికి అది సులువు. ఉద్యోగం చేస్తూ తరచూ ఊళ్ళు మారేవారికి మాత్రం ఇగ్నోనే సూచిస్తాము, ఎందుకంటే చదువు మధ్యలో వేరే రాష్ట్రానికి వెళ్ళినా ప్రాంతీయ కేంద్రాన్ని మార్చుకోవచ్చు.

ఒకే ఏడాదిలో డిగ్రీ ఇప్పిస్తామని వాట్సాప్‌లో ఒకరు అంటున్నారు. నమ్మవచ్చా?

నమ్మవద్దు. మూడేళ్ళ డిగ్రీని ఏడాదిలో ఇచ్చే అధికారం ఏ విశ్వవిద్యాలయానికీ లేదు. దూరవిద్య గానీ ఆన్‌లైన్ గానీ, ఆ విశ్వవిద్యాలయం పేరు, ఆ కోర్సు, ఆ విద్యా సంవత్సరం మూడూ యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో కనిపించాలి. విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉన్నంత మాత్రాన అది నడిపే ప్రతి కోర్సుకూ అనుమతి ఉన్నట్టు కాదు. ఎక్కువమంది మోసపోయేది సరిగ్గా ఇక్కడే. మాకు తెలిసిన ఒక కుటుంబం ఇలాంటి ఏజెంటుకు రెండు విడతలుగా డబ్బు కట్టింది. అమ్మాయి బీఎడ్‌కు దరఖాస్తు చేసినప్పుడు గానీ ఆ మార్కుల జాబితా చెల్లదని తెలియలేదు. ఫీజు ఎప్పుడైనా విశ్వవిద్యాలయపు సొంత వెబ్‌సైట్ ద్వారానే చెల్లించండి, మధ్యవర్తి ఫోన్ నంబరుకు పంపవద్దు.

బీటెక్, నర్సింగ్ ఆన్‌లైన్‌లో చేయవచ్చా?

చేయలేరు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం వంటి వృత్తి విద్యల డిగ్రీలను దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఇవ్వడానికి అనుమతి లేదు.

ప్లస్ త్రీ చదువుతూనే ఇగ్నోలో ఇంకో డిగ్రీ చేయవచ్చా?

చేయవచ్చు. యూజీసీ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక డిగ్రీని కాలేజీకి వెళ్ళి, మరొకదాన్ని దూరవిద్యలో లేదా ఆన్‌లైన్‌లో ఏకకాలంలో చదవవచ్చు. రెండూ కాలేజీకి వెళ్ళి చదివేవైతే తరగతుల వేళలు ఒకదానిమీద ఒకటి పడకూడదు. అనుమతి ఉన్నంత మాత్రాన మొదటి ఏడాదే రెండూ మొదలుపెట్టమని మేము చెప్పము. మొదటి రెండు సెమిస్టర్లు ఏ పేపరూ తప్పకుండా గట్టెక్కిన తరువాతే ఆ ఆలోచన చేయండి.

## పేరు నమోదు, కాగితాలు

ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్‌లో వెనక ఉంది. ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్‌ల ఖాతా సంఖ్య) కుదరడం లేదు. ఏం చేయాలి?

మన జిల్లాల తెలుగు విద్యార్థులు అందరికన్నా ఎక్కువగా ఇబ్బంది పడేది ఈ విషయంలోనే. తెలుగువారు ఇంటిపేరును ముందు రాస్తారు, చాలాసార్లు పొడి అక్షరంతో సరిపెడతారు. బడిలో చేర్చుకునేటప్పుడు ఒడిశా పద్ధతిలో ఇంటిపేరును చివర పెడతారు, లేదా ‘రావు’, ‘అమ్మ’ వంటి పేరు చివరి భాగాన్నే ఇంటిపేరుగా నమోదు చేస్తారు. ఆధార్ నమోదు చేసినవారు మూడో రకంగా రాస్తారు. పదేళ్ళ తరువాత ఈ మూడు పేర్లు ముగ్గురు మనుషులవిగా కంప్యూటర్‌కు కనిపిస్తాయి.

మా సలహా ఏమిటంటే, మెట్రిక్ సర్టిఫికెట్‌లోని పేరును ప్రామాణికంగా పెట్టుకుని, మిగిలినవాటిని దానికి అనుగుణంగా మార్చుకోండి. మెట్రిక్ సర్టిఫికెట్‌ను దిద్దించాలంటే కటక్‌లోని సెకండరీ విద్యా బోర్డు దాకా వెళ్ళాలి, అది నెలల పని. ఆధార్ సవరణ దానితో పోలిస్తే సులువు. అయితే ఆధార్‌లో పేరును జీవితంలో రెండుసార్లు మాత్రమే మార్చనిస్తారు. కాబట్టి అక్షరం అక్షరం సరిచూసుకున్న తరువాతే దరఖాస్తు ఇవ్వండి, రసీదు మీద ముద్రించిన పేరును అక్కడికక్కడే చదవండి. ఈ పని ప్లస్ టూ సెలవుల్లోనే ముగించడం మేలు. కాలేజీ ఫారాలు నింపే వారంలో ఆధార్ కేంద్రాల దగ్గర వరుసలు పెరుగుతాయి. ఆన్‌లైన్ కోర్సుల పరీక్ష ఫారంలో కూడా అదే పేరు రాయండి, అక్కడ రాసిందే సర్టిఫికెట్‌పై అచ్చవుతుంది.

ఏబీసీ, అపార్ రెండూ ఒకటేనా? దానివల్ల నాకు ఒరిగేదేమిటి?

అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ అన్నది యూజీసీ 2021లో తెచ్చిన ఏర్పాటు. బ్యాంకు ఖాతాలో డబ్బు జమ అయినట్టు మీరు పాసైన ప్రతి కోర్సు క్రెడిట్ (ఆ కోర్సుకు లెక్కకట్టే పాయింట్లు) అందులో జమ అవుతుంది. అపార్ అన్నది విద్యార్థికి ఇచ్చే 12 అంకెల గుర్తింపు సంఖ్య. ఈ క్రెడిట్ ఖాతా ఆ సంఖ్యతోనే నడుస్తుంది. డిజిలాకర్‌లో మీ అంతట మీరే దీన్ని తెరుచుకోవచ్చు, ఎవరికీ రుసుము ఇవ్వనక్కరలేదు. జమ అయిన క్రెడిట్‌లు సాధారణంగా ఏడేళ్ళ వరకు చెల్లుతాయి. పెళ్ళి వల్లనో తండ్రి బదిలీ వల్లనో చదువు మధ్యలో ఆగిపోయిన అమ్మాయిలకు ఇది నిజంగా పనికొచ్చే ఏర్పాటు, ఎందుకంటే మరో కాలేజీలో చేరినప్పుడు పాత క్రెడిట్‌లను లెక్కలోకి తీసుకోమని అడిగే వీలుంటుంది.

ఇగ్నో దరఖాస్తులో డెబ్ ఐడీ అడుగుతోంది. అది ఎక్కడ దొరుకుతుంది?

2024 నుంచి దూరవిద్యలో గానీ ఆన్‌లైన్ డిగ్రీలో గానీ చేరే ప్రతి విద్యార్థికీ యూజీసీ దూరవిద్యా విభాగం ఇచ్చే ఈ సంఖ్య తప్పనిసరి. ఆ విభాగపు వెబ్‌సైట్‌లో ఏబీసీ ఐడీతో నమోదు చేసుకుంటే వెంటనే వస్తుంది, రుసుము లేదు.

మా బావగారి అబ్బాయికి ఇచ్ఛాపురంలో ఫీజు ప్రభుత్వమే కడుతోంది. బరంపురంలో ఉన్న మాకు ఎందుకు రాదు?

అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన రాష్ట్ర నివాసులకు ఇచ్చే సాయం. ఒడిశా నివాసులు ఒడిశా రాష్ట్ర స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు, అర్హతను బట్టి కేంద్రపు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోని పథకాలకు దరఖాస్తు చేయాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల జాబితాలు రాష్ట్రాల వారీగా ఉంటాయి. అందువల్ల ఆంధ్రలో తీసుకున్న కుల ధ్రువీకరణ పత్రం ఇక్కడ పనికిరాదు. మీ సొంత తహసీల్దారు ఇచ్చిన కుల, నివాస, ఆదాయ పత్రాలే కావాలి. తరాలుగా ఇక్కడే ఉంటున్న కుటుంబమైనా పత్రం మాత్రం ఒడిశాది ఉండవలసిందే. ఆదాయ పత్రానికి గడువు ఉంటుంది కనుక పాతదానితో దరఖాస్తు చేయవద్దు.

## కోర్సు సాగుతుండగా

స్వయం, ఎన్‌పీటెల్ ఒకటేనా వేర్వేరా?

స్వయం అన్నది కేంద్ర ప్రభుత్వం 2017 జులైలో ప్రారంభించిన ఆన్‌లైన్ కోర్సుల వేదిక. పాఠశాల స్థాయి నుంచి పీజీ దాకా అన్ని రకాల కోర్సులూ అందులో ఉంటాయి. ఎన్‌పీటెల్ అంతకన్నా పాతది. 2003లో ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి మొదలుపెట్టాయి. ఇప్పుడు ఎన్‌పీటెల్ కోర్సులు కూడా స్వయం వేదికపైనే నడుస్తున్నాయి. బీఏ, బీకాం విద్యార్థులు ఎన్‌పీటెల్ అంటే ఇంజనీరింగ్ వారిదని వదిలేస్తారు, కానీ ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, ఇంగ్లీషు, మేనేజ్‌మెంట్ కోర్సులు కూడా అందులో ఉన్నాయి. కోర్సులు జనవరి, జులై నెలల్లో మొదలవుతాయి. సాధారణంగా 4 వారాల కోర్సుకు 1, 8 వారాలకు 2, 12 వారాలకు 3 క్రెడిట్‌లు.

ఉచితం అన్నారు, ఇప్పుడు డబ్బు అడుగుతున్నారు. మోసమా?

మోసం కాదు. పాఠాలు చూడటం, అసైన్‌మెంట్లు రాయడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్షా కేంద్రానికి వెళ్ళి రాయవలసిన పరీక్షకే రుసుము. ఎన్‌పీటెల్‌లో అది ఒక్కో కోర్సుకు సుమారు వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు రాయితీ ఉంటుంది, అయితే ధ్రువపత్రాన్ని దరఖాస్తుతోపాటే అప్‌లోడ్ చేయాలి. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు వేరు. మొదటిది చేసి రెండోది మరచిపోయి, పన్నెండు వారాలూ చదివి సర్టిఫికెట్ లేకుండా మిగిలిపోయినవారు ప్రతి ఏడాదీ మా దగ్గరికి వస్తుంటారు.

స్వయం కోర్సు పాసైతే కాలేజీ మార్కుల జాబితాలో కలుపుతుందా?

యూజీసీ 2021 నిబంధనలు ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం ద్వారా చేయడానికి అవకాశం ఇచ్చాయి. కానీ అవకాశం ఇవ్వడం వేరు, మీ కాలేజీ ఆ కోర్సును అంగీకరించడం వేరు. స్వయంప్రతిపత్తి గల కాలేజీలో దాని అకడమిక్ కౌన్సిల్, అనుబంధ కాలేజీలో విశ్వవిద్యాలయం ఆ కోర్సుల జాబితాను ఆమోదించాలి. అందుకే చేరకముందే విభాగాధిపతికి ఒక దరఖాస్తు రాసి, కోర్సు పేరు, వారాలు, క్రెడిట్‌లు, ఏ పేపరుకు బదులుగా అన్నది స్పష్టంగా పేర్కొని, సంతకంతో కూడిన అనుమతి తీసుకోండి. ‘చేయమ్మా, చూద్దాం’ అన్న నోటిమాట మీద ఆధారపడవద్దు. ఆ మాట అన్న అధ్యాపకుడు బదిలీ అయితే అడగడానికి ఎవరూ ఉండరు. కాలేజీ ఎన్‌పీటెల్ స్థానిక చాప్టర్ అయితే దీనికోసం ఒక అధ్యాపకుడిని నియమించి ఉంటారు, ముందు ఆయన్ని కలవండి.

ఉపన్యాసం ఇంగ్లీషులో వేగంగా సాగుతోంది. తెలుగులో ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, అయితే అన్ని సబ్జెక్టులకూ సమానంగా కాదు. ఎన్‌పీటెల్‌లోని అనేక కోర్సులకు తెలుగు అనువాద పాఠాలు ఉన్నాయి. ఇంజనీరింగ్, డిప్లొమా విద్యార్థులకు ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) వారి ఈ-కుంభ్ పోర్టల్‌లో తెలుగు, ఒడియా పాఠ్యపుస్తకాలు ఉచితంగా లభిస్తాయి. పుస్తకాన్ని రెండు భాషల్లోనూ దించుకుని పక్కపక్కన చదివితే పారిభాషిక పదాలు వాటంతట అవే పట్టుబడతాయి. కంప్యూటర్ నైపుణ్యాలకు ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్‌లో తెలుగు వ్యాఖ్యానంతో చిన్న చిన్న వీడియోలు ఉన్నాయి, ఒక్కొక్కటి దాదాపు పది నిమిషాలు. సాహిత్యం, చరిత్ర విద్యార్థులకు మాత్రం ఆన్‌లైన్‌లో తెలుగు సామగ్రి తక్కువ, వారికి ముద్రిత పుస్తకమే దిక్కు.

మాది గజపతి జిల్లా కొండ మీది ఊరు. సిగ్నల్ రాదు. ఆన్‌లైన్ చదువు మాకెలా?

వీడియోను ప్రత్యక్షంగా చూడాలని పట్టుబట్టకండి. వారానికొకసారి బస్సు దిగే ఊళ్ళోనో కాలేజీ వైఫైలోనో ఆ వారపు పాఠాలను తక్కువ నాణ్యతలో దించుకుని, ఇంటి దగ్గర చూడండి. ఉపన్యాసపు లిఖిత ప్రతి దొరికితే అది ఇంకా తేలిక, వీడియో పరిమాణంలో అది అణుమాత్రం. అసైన్‌మెంట్‌కు మాత్రం గడువు రోజు వరకు ఆగకండి, రెండు రోజుల ముందే పంపండి. కరెంటు పోయిందన్న కారణాన్ని ఎవరూ వినరు.

ఇంట్లో దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉంటే స్వయంప్రభ విద్యా చానళ్ళు ఇంటర్నెట్ లేకుండానే వస్తాయి. రోజుకు నాలుగు గంటల కొత్త పాఠాన్ని మళ్ళీ మళ్ళీ ప్రసారం చేస్తారు కాబట్టి పొద్దున పొలం పనికి వెళ్ళినవారు రాత్రి చూడవచ్చు. సీరియల్ వేళ టీవీని ఎవరు వదులుకుంటారన్నది ఇంట్లో తేల్చుకోవలసిన సంగతి.

రిఫరెన్సు పుస్తకాలు కొనలేము. పత్రికా వ్యాసాలకు డబ్బు అడుగుతున్నారు. దారేమిటి?

మీ కాలేజీ లైబ్రేరియన్‌ను ఒకే ఒక ప్రశ్న అడగండి: “మన కాలేజీకి ఎన్-లిస్ట్ ఉందా?” ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే ఈ పథకంలో సభ్యత్వం ఉన్న కాలేజీల విద్యార్థులకు వేలాది ఈ-పుస్తకాలు, పత్రికలు ఉచితం. లాగిన్ అడిగి తీసుకోవాలి, అడగనివారికి ఇవ్వరు. అది లేకపోయినా ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ అందరికీ తెరిచే ఉంది. ఇగ్నో పాఠ్యపుస్తకాలు ఈజ్ఞానకోశ్‌లో ఉన్నాయి, వాటిని ఇగ్నో విద్యార్థి కానివారు కూడా చదవవచ్చు. బీఏ పరీక్షలకు ఎక్కువమంది కొనే గైడ్ల కన్నా అవి ఎంతో మేలైనవని మా అభిప్రాయం.

ల్యాబ్‌లో పరికరాలు సరిపోవు. ప్రాక్టికల్ ఎలా నేర్చుకోవాలి?

విద్యామంత్రిత్వ శాఖ వారి వర్చువల్ ల్యాబ్స్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్ర ప్రయోగాలను తెరమీద చేసి చూడవచ్చు. ప్రయోగానికి ముందు రోజు ఒకసారి చేస్తే ల్యాబ్‌లో మీ వంతు వచ్చిన పది నిమిషాలూ వృథా కావు. అయితే గాజు పరికరాన్ని చేత్తో పట్టుకునే నేర్పు తెరమీద రాదు.

## పరీక్షలు, ఆ తరువాత

అసైన్‌మెంట్లు వదిలేశాను. చివరి పరీక్ష బాగా రాస్తే సరిపోతుందా?

సరిపోదు. ఎన్‌పీటెల్‌లో అసైన్‌మెంట్‌లకు 25, పరీక్షకు 75 మార్కులు. సర్టిఫికెట్ రావాలంటే మొదటిదానిలో కనీసం 10, రెండోదానిలో కనీసం 30 రావాలి. పరీక్షలో 75కు 60 తెచ్చుకున్నా అసైన్‌మెంట్‌లలో 9 దగ్గర ఆగితే సర్టిఫికెట్ రాదు. ఊరట ఏమిటంటే 12 వారాల కోర్సులో ఉత్తమమైన 8 అసైన్‌మెంట్‌లనే లెక్కిస్తారు. పెళ్ళిళ్ళకో జ్వరానికో రెండు మూడు వారాలు పోయినా నష్టం లేదు. ఎన్‌పీటెల్ కాని స్వయం కోర్సులకు చాలావరకు 30, 70 పద్ధతి ఉంటుంది, వాటి పరీక్షను నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ నిర్వహిస్తుంది.

పరీక్షా కేంద్రంగా భువనేశ్వర్ పెట్టాలా, విశాఖపట్నం పెట్టాలా?

రాష్ట్రాన్ని బట్టి కాదు, రైలును బట్టి ఎంచుకోండి. ఒడిశా విద్యార్థి ఆంధ్రలోని నగరాన్ని ఎంచుకోవడానికి అడ్డేమీ లేదు. రాయగడవారికి విశాఖ దగ్గర, ఛత్రపురంవారికి భువనేశ్వర్ దగ్గర. నగరాల జాబితా సెమిస్టర్‌ను బట్టి మారుతుంది, కాబట్టి ముందు దగ్గరి పట్టణం ఏదైనా ఉందేమో చూడండి. హాల్ టికెట్‌తోపాటు అసలు గుర్తింపు కార్డు తీసుకువెళ్ళాలి.

రెండు బ్యాక్ పేపర్లు పడ్డాయి. ట్యూషన్‌కు డబ్బు లేదు. కాలేజీలో ఎవరినైనా అడగవచ్చా?

అడగవచ్చు, అది మీ హక్కు. వెనకబడిన విద్యార్థులకు రెమిడియల్ తరగతులు, ప్రతి విద్యార్థికీ ఒక మెంటర్ అధ్యాపకుడు అనే ఏర్పాట్లు చాలా కాలేజీల్లో కాగితం మీదైనా ఉంటాయి. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ సంస్థ వాటి రికార్డులు అడుగుతుంది. కనుక నలుగురు విద్యార్థులు కలిసి ఏ పేపరు, ఏ యూనిట్ అన్నది రాసి విభాగాధిపతికి దరఖాస్తు ఇస్తే తరగతి పెట్టే అవకాశం ఎక్కువ. ఒక్కరే వెళ్ళి ‘కష్టంగా ఉంది సార్’ అంటే ఆ మాట అక్కడితో పోతుంది. సరిహద్దు అవతలి బంధువులు ‘సప్లీ’ అనేది, ఇక్కడ ‘బ్యాక్’ అనేది ఒకటే అయినా ఫీజు గడువులు, అవకాశాల సంఖ్య వేరు. మీ విశ్వవిద్యాలయపు నోటీసునే చూడండి.

చదువు మీద మనసు నిలవడం లేదు, నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చెప్పలేను.

14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ. ఏ వేళలోనైనా ఉచితంగా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడే వీలుంది. హాస్టల్‌లో ర్యాగింగ్ కారణమైతే 1800-180-5522కు చెప్పండి. ఒక పరీక్ష వదిలేసి ఆరోగ్యం చూసుకోవడం తప్పు కాదు, ఆ పేపరు మళ్ళీ వస్తుంది.

ఇంతా చేస్తే ఈ ఆన్‌లైన్ సర్టిఫికెట్‌ను ఉద్యోగంలో లెక్క చేస్తారా?

యూజీసీ అనుమతి పొందిన ఆన్‌లైన్ డిగ్రీ, దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానం. ప్రభుత్వ ఉద్యోగ దరఖాస్తుల్లోనూ చెల్లుతాయి. నాలుగు వారాల కోర్సు సర్టిఫికెట్ మాత్రం డిగ్రీ కాదు, దాన్ని చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. ఒకే రంగంలో రెండు మూడు కోర్సులు చేసి, నేర్చుకున్నదానితో చేసిన పనిని చూపగలిగితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి విషయం ఉంటుంది. పదిహేను వేర్వేరు సర్టిఫికెట్‌ల ఫైలు తెచ్చినవారి కన్నా అలాంటివారికే విలువ. ఎన్‌పీటెల్ సర్టిఫికెట్ పోస్టులో రాదు, ఆన్‌లైన్‌లోనే దించుకోవాలి. దానిమీది క్యూఆర్ కోడ్‌తో అది అసలుదో కాదో ఎవరైనా సరిచూస్తారు కనుక, జిరాక్స్ మీద ఆ కోడ్ చెరిగిపోకుండా రంగుల ప్రతి తీయించుకోండి.